పదకొండు పంపితే నాలుగే ఎందుకు పనిచేస్తున్నాయి? (నావిక్ ఉపగ్రహాల సంగతి)

కళింగపట్నం_కెరటం
2025 ఆగస్టు 2, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మొన్న 30వ తారీఖున నిసార్ ఉపగ్రహం ప్రయోగం ఇంటిల్లిపాదీ టీవీలో చూశాం. రాకెట్ మబ్బుల్లోకి పోగానే మా చిన్నాన్న, "మన బోటుకి దారి చూపించేది కూడా ఇలాగే ఎళ్లిందా?" అన్నాడు. ఆయన బోటుకి ఈమధ్యే ట్రాన్స్‌పాండర్ బిగించారు. చిన్న పెట్టె. ఫోనుకి బ్లూటూత్‌తో కలిపితే నభ్‌మిత్ర యాప్‌లో అన్నీ కనిపిస్తాయి.

సరేనని నావిక్ గురించి, అంటే జీపీఎస్ లాంటి మన సొంత ఉపగ్రహాల వ్యవస్థ గురించి, చదవడం మొదలెట్టాను. చదివేకొద్దీ అయోమయం పెరిగింది. పోయిన నెల పార్లమెంటులో చెప్పిన లెక్క ఇదీ: 2013 నుంచి మొత్తం 11 ఉపగ్రహాలు ప్రయోగించారు. స్థానం, సమయం చెప్పే పనిలో ఉన్నవి 4. ఒకవైపు సందేశాలు పంపడానికి మాత్రమే వాడుతున్నవి 4. ఒకదానికి రిటైర్మెంట్ ఇచ్చేశారు. మిగతా రెండూ చేరాల్సిన కక్ష్యకే చేరలేదు.

జీపీఎస్ ఊరికే వస్తోంది కదా, ఇంత తంటా దేనికి? పంపినవాటికి ఏమైంది? మాస్టారూ, బొబ్బిలి అన్నా, తీరిక చూసుకుని చెప్పండి.


పలాస_జీడిబద్ద
ఆగస్టు 2, రాత్రి 9:32

మా లారీలకి ట్రాకర్లు ఉన్నాయి. డ్రైవరు ఇచ్ఛాపురం దాటి ఏ దాబా దగ్గర బండి ఆపి పడుకున్నాడో ఇక్కడ కూర్చుని చూస్తున్నాను. ఎవరి ఉపగ్రహమైతే నాకేటి?


తోటపల్లి_కాలువ
ఆగస్టు 2, రాత్రి 10:05

జీడిబద్ద మాటే నాదీ. 2006లో ఈ ప్రాజెక్టుకి ఆమోదం ఇచ్చినప్పుడు 1420 కోట్లు అన్నారు. అమెరికా వాడు ఫ్రీగా ఇస్తున్నాడు. రష్యా, యూరప్, చైనా కూడా ఇస్తున్నాయి. ఫోను నాలుగింటినీ పట్టుకుంటోంది. అయిదోది లేక సిక్కోలులో ఎవడు దారి తప్పాడో చెప్పండి చూద్దాం. ఆ డబ్బుతో కాలువల్లో పూడిక తీసుంటే చివరి భూములకి నీళ్లందేవి.


గంట్యాడ_మాస్టారు
ఆగస్టు 3, ఉదయం 6:20

కెరటం బాబూ, ఆ ఉపగ్రహం అసలు చేసే పని ఏమిటో ముందు చూద్దాం. పంపినవాటికి ఏమైందో దాంట్లోనే తెలిసిపోతుంది.

అది ఎవరికీ దారి చూపించదు. నువ్వు ఎక్కడున్నావో దానికి తెలియదు కూడా. "ఇప్పుడు టైము ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని రేడియోలో చెబుతూనే ఉంటుంది, అంతే. ఆ కబురు వెలుతురు వేగంతో, అంటే సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు, ప్రయాణించి కిందికి వస్తుంది. నావిక్ ఉపగ్రహాలు ఉన్నది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున కాబట్టి చేరడానికి సెకనుని వంద ముక్కలు చేస్తే అందులో పన్నెండు, అంటే 0.12 సెకను పడుతుంది. బయల్దేరిన టైము, చేరిన టైము రెండూ తెలిస్తే మధ్య దూరం తెలుస్తుంది. అలా మూడు ఉపగ్రహాల నుంచి దూరాలు తెలిస్తే నువ్వెక్కడున్నావో కట్టేయొచ్చు.

కానీ ఫోనులో ఉండేది చవక గడియారం. అది ఎంత తప్పు చూపిస్తోందో కూడా తెలియాలి. తూర్పు పడమర, ఉత్తరం దక్షిణం, ఎత్తు, గడియారం తప్పు: నాలుగు తెలియని రాశులు. అందుకని నాలుగు సమీకరణాలు, నాలుగు ఉపగ్రహాలు. పార్లమెంటు లెక్కలో ఆ "4" చూడగానే నాకు ఎందుకు కంగారు పుట్టిందో ఇప్పుడు అర్థమవుతుందనుకుంటాను. అంతకంటే ఒక్కటి తగ్గినా లెక్క తేలదు.

ఇక అసలు విషయం. ఉపగ్రహంలో ఉన్న గడియారం సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పితే నీ చోటు 300 మీటర్లు జరిగిపోతుంది. వంద కోట్లలో ఒక వంతు తప్పితే 30 సెంటీమీటర్లు. అందుకే రుబీడియం అణు గడియారాలు పెడతారు. ఆ పరమాణువులు ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి మారేటప్పుడు ఉండే పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) కదలదు, దాన్ని పట్టుకుని సెకన్లు లెక్కపెడతాయి. ఒక్కో నావిక్ ఉపగ్రహంలో మూడేసి గడియారాలు. ఒకటి పోతే ఇంకోటి ఉండాలని.

మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో (నావిక్‌కి మొదటి పేరు ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్) ఆ మూడూ పోయాయి. 2017 మొదట్లో ఈ సంగతి బయటికి వచ్చింది. మిగతా ఒళ్లంతా బాగానే ఉంది. సౌర ఫలకాలు కరెంటు ఇస్తున్నాయి, రేడియో పలుకుతోంది. టైము మాత్రం చెప్పలేదు. టైము చెప్పలేనిది దూరం చెప్పలేదు. ఆ తర్వాత మరికొన్నింటికీ ఇదే గతి పట్టింది. సందేశాలకి మాత్రమే వాడుతున్న నాలుగు అన్నావే, అవి ఈ బాపతే. తుపాను హెచ్చరిక చేరవేయడానికి అణు గడియారం అక్కర్లేదు కదా.


తోటపల్లి_కాలువ
ఆగస్టు 3, ఉదయం 7:48

మూడు గడియారాలూ పోయాయంటే కొన్నవాణ్ని అడగాలా, అమ్మినవాణ్ని అడగాలా?


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 3, మధ్యాహ్నం 1:15

నేను ఇస్రోలో పనిచేయను. రిసీవర్లు తయారుచేసే లైనులో ఉన్నాను కాబట్టి ఈ కథ ఎప్పట్నుంచో గమనిస్తున్నాను.

ఆ మొదటి తరం గడియారాలు స్విట్జర్లాండులో తయారైనవి. యూరప్ వాళ్ల గెలీలియో ఉపగ్రహాల్లో కూడా అదే తయారీ గడియారాలున్నాయి, వాళ్లకీ అదే కాలంలో వరసగా ఆగిపోయాయి. కాబట్టి మనవాళ్లు ఏదో నాసిరకం కొన్నారని అనుకోనక్కర్లేదు.

ప్రయోగాల వరస చెబుతాను. 2013 జులై 1న పీఎస్‌ఎల్‌వీ-సీ22 మీద 1ఏ వెళ్లింది. 2014లో రెండు, 2015లో ఒకటి. 2016లో అయితే జనవరి, మార్చి, ఏప్రిల్ అని దబదబా మూడు. ఏప్రిల్ 28న ఏడోది 1జీ వెళ్లిన రోజే ప్రధాని నావిక్ అని పేరు పెట్టారు. ఏడూ ఏడే, ఒక్క రాకెట్టూ తప్పలేదు. అప్పట్లో ఆఫీసులో మేం మిఠాయిలు పంచుకున్నాం.

అక్కడి నుంచే దెబ్బలు. గడియారాలు పోయిన 1ఏ స్థానంలోకి 2017 ఆగస్టు 31న 1హెచ్ పంపారు. ప్రైవేటు పరిశ్రమల బృందంతో కలిసి కట్టిన మొదటి ఉపగ్రహం అది. రాకెట్ ముక్కు మీద ఉండే హీట్ షీల్డ్ విడిపోలేదు. వాతావరణం దాటగానే రెండు చిప్పలుగా విడిపోయి పడిపోవాల్సింది అలాగే అతుక్కుని ఉండిపోయింది. ఉపగ్రహం లోపలే విడివడి, లోపలే ఉండిపోయింది. టీవీలో ఎత్తు, వేగం అంకెలు అనుకున్న గీతకి కిందుగా పోతుంటే చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ డొప్ప బరువు మొయ్యడానికే రాకెట్ బలం సరిపోయింది. 2018 ఏప్రిల్ 12న 1ఐ వెళ్లి ఆ ఖాళీ పూరించింది.

తర్వాత అయిదేళ్లు ఒక్కటీ వెళ్లలేదు. నా కోపమల్లా ఆ అయిదేళ్ల మీదే. గడియారాలు ఒక్కొక్కటిగా పోతున్నాయని తెలిసి కూడా తిరిగి నింపే పని నెమ్మదించింది.

2023 మే 29న కొత్త తరం ఉపగ్రహాల్లో మొదటిది, ఎన్‌వీఎస్-01 వచ్చింది. మన దేశంలో తయారైన రుబీడియం గడియారం మొదటిసారి అందులోనే ఎగిరింది. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ వాళ్లు చేసిన గడియారం. పాతవి 1425 కిలోలుంటే ఇది 2232 కిలోలు. పీఎస్‌ఎల్‌వీ అంత మొయ్యలేదు కాబట్టి జీఎస్‌ఎల్‌వీ ఎక్కించారు.

ఎన్‌వీఎస్-02 ఈ ఏడాది జనవరి 29న. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం అది. రాకెట్ తన పని చక్కగా చేసింది. ఉపగ్రహమే తన సొంత ఇంజన్ వెలిగించుకుని పైకి పోవాలి, ఇంధనాన్ని మండించే ఆక్సిడైజర్ లోపలికి వచ్చే వాల్వు తెరుచుకోలేదు. కోడిగుడ్డు ఆకారం కక్ష్యలోనే తిరుగుతోంది ఇప్పటికీ.


కళింగపట్నం_కెరటం
ఆగస్టు 3, మధ్యాహ్నం 2:40

అన్నా, రాకెట్ సక్సెస్ అని చప్పట్లు కొట్టేశాక కూడా పని ఉంటుందా? రాకెట్టే 36 వేల కిలోమీటర్ల దాకా తీసుకెళ్లి దింపేస్తుందనుకుంటున్నాను ఇన్నాళ్లూ.


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 3, రాత్రి 8:55

టీవీ లైవ్ అక్కడితో ఆగిపోతుంది కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు. పీఎస్‌ఎల్‌వీ ఆ ఉపగ్రహాలని వదిలిన కక్ష్య భూమికి దగ్గరవైపు సుమారు 284 కిలోమీటర్లు, దూరంవైపు 20,650 కిలోమీటర్లు. దింపడానికి ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి పైకి ఎక్కడం రోజుల పని. కర్ణాటకలోని హాసన్‌లో ఉన్న మాస్టర్ కంట్రోల్ ఫెసిలిటీ నుంచి కమాండ్ ఇస్తారు, ఉపగ్రహంలోని 440 న్యూటన్ల చిన్న ఇంజన్ కాసేపు మండుతుంది, కక్ష్య కొంచెం సాగుతుంది, కొలుస్తారు, మళ్లీ మండిస్తారు. ఉపగ్రహం బయల్దేరినప్పటి బరువులో సగానికి పైగా ఈ ఇంధనమే. ఎన్‌వీఎస్-02కి తెరుచుకోని వాల్వు ఈ ఇంజన్‌దే.

కట్టేటప్పుడు బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో దాన్ని గాలి తీసేసిన గదిలో పెట్టి కాలుస్తారు, గడ్డకట్టిస్తారు, రాకెట్ కుదుపులకి తట్టుకుంటుందా అని బల్ల మీద ఎక్కించి ఊపుతారు. ఇవన్నీ అయినా ఒక్క వాల్వు. పైన మెకానిక్ ఉండడు.


వేరావళ్_తండేలు
ఆగస్టు 3, రాత్రి 10:20

బాబూ, ఇయ్యన్నీ బాగానే ఉన్నాయి. నాను గుజరాత్‌లో వేరావళ్ బోట్ల మీద శానా సీజన్లు చేశాను. ఆగస్టులో రైలెక్కితే ఎండాకాలంలో ఇంటికి. అక్కడ పెద్ద బోట్లన్నింటికీ జీపీఎస్ ఉంటాది. చేప దొరికిన చోటు తండేలు మిషన్‌లో పాయింటు కొట్టుకుంటాడు, మళ్లీ అక్కడికే ఎళ్తాడు. మా తాత కాలంలో ఇక్కడ బారువ నుంచి ఏటకి ఎళ్తే మహేంద్రగిరి కొండ ఎంత ఎత్తున కనబడతాదో చూసి దూరం చెప్పేవారు. గుజరాత్ సముద్రంలో చూద్దామంటే కొండ ఉండదు, గట్టు ఉండదు.

రాత్రి వల ఏసి పడుకుంటే నీరు లాక్కుపోతాది. సరిహద్దు గీత నీటి మీద గీసి ఉండదు కదా. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. డి.మత్స్యలేశం ఊరి పేరు దేశం మొత్తం విన్నాది అప్పుడే. 2020 జనవరిలో వాఘా దగ్గర ఇవతలికొచ్చారు. ఆ ఇళ్లల్లో ఆడోళ్లు ఆఫీసుల చుట్టూ ఎలా తిరిగారో నాను చూశాను. ఇస్రో వాళ్ల పెట్టె ఉంటే గీత దాటకుండా పైనుంచి ఎవరైనా చెప్తారా? అది చెప్పండి నాకు.


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 3, రాత్రి 11:02

బాబాయ్, మంచి ప్రశ్న. ఇక్కడ రెండు వేరే పనులు కలిసిపోతున్నాయి.

నువ్వెక్కడున్నావో తెలుసుకోవడం ఒక పని. మాస్టారు చెప్పినట్టు బోటులో పెట్టె వింటుంది, లెక్కేసుకుంటుంది. పైనున్న ఉపగ్రహానికి నీ ఊసే తెలియదు. జీపీఎస్ అయినా, నావిక్ అయినా ఇంతే. ఆ పాత మిషన్లలో ఉన్నది ఈ సగమే. గీత దగ్గరికి వచ్చావని మిషన్‌కి ముందే గీత ఎక్కించి ఉంటే కూత కూస్తుంది, లేదంటే లేదు. ఒడ్డునున్న వాళ్లకి ఏమీ తెలియదు.

కబురు పంపడం రెండో పని. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు వాళ్లు అప్పటికే లోతు సముద్రంలో ఉన్నారు. సెల్ టవర్ సిగ్నల్ ఒడ్డు నుంచి కాస్త దూరమే వస్తుంది, హెచ్చరిక చేరవేసే దారి లేకపోయింది. ఆ తర్వాతే ఉపగ్రహం మీదుగా సందేశాలు అందుకునే పెట్టెలు తయారుచేశారు. 2019లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు జెమిని అని ఒకటి తెచ్చారు. అది గగన్ (జీపీఎస్ లెక్కని సర్ది పంపే మన వ్యవస్థ) ఉపగ్రహాల ద్వారా తుపాను కబుర్లు, చేపలు దొరికే ప్రాంతాల వివరాలు అందుకుంటుంది. కానీ వినడమే, తిరిగి చెప్పలేదు.

ఇప్పుడు మత్స్య సంపద యోజన కింద లక్ష బోట్లకి ఉచితంగా పెడుతున్న ట్రాన్స్‌పాండర్ రెండువైపులా మాట్లాడుతుంది. బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలుస్తుంది, ప్రమాదంలో ఉంటే బోటు నుంచి కబురు పంపొచ్చు, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిక వస్తుంది. అయితే ఆ రెండో సగానికి నావిక్ కాకుండా వేరే కమ్యూనికేషన్ ఉపగ్రహం కావాలి. కెరటం వాళ్ల చిన్నాన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే. పెట్టె ఒకటే, పైన పనిచేసేవి రెండు రకాలు.


వేరావళ్_తండేలు
ఆగస్టు 3, రాత్రి 11:15

అదీ మాట. గుజరాత్ బోట్లకి కూడా ఇస్తన్నారా?


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 3, రాత్రి 11:19

సముద్ర తీరం ఉన్న రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నీ కలిపి 13. గుజరాత్ కూడా ఉంది. నువ్వు ఎక్కే బోటుకి ఉందో లేదో యజమానిని అడుగు బాబాయ్. ఎక్కేముందు అడుగు.


తోటపల్లి_కాలువ
ఆగస్టు 4, ఉదయం 7:10

తండేలు గారి బాధ నాకూ తెలుసు, మా వైపు నుంచి కూడా వలస పోయినవాళ్లున్నారు. కానీ మీరే చెప్పారు, కబురు పంపేది వేరే ఉపగ్రహమని. స్థానం చెప్పడానికి జీపీఎస్ సరిపోతుంది. నా ప్రశ్న అలాగే ఉంది. కార్గిల్ యుద్ధంలో అమెరికా జీపీఎస్ ఆపేసింది, అందుకే మనం కట్టుకున్నాం అని వాట్సాప్‌లో తిప్పుతారు. అది నిజమైతే సరే.


గంట్యాడ_మాస్టారు
ఆగస్టు 4, ఉదయం 8:30

ఆ కథ నేనూ సవాలక్షసార్లు విన్నాను. "ఆపేసింది" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. జీపీఎస్‌లో మొదటి నుంచీ రెండు రకాల సంకేతాలున్నాయి. ఒకటి అందరికీ, ఒకటి వాళ్ల సైన్యానికి తాళం వేసి ఉన్నది. పైగా 2000 మే 2 దాకా అందరికీ ఇచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవారు. అందువల్ల వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. 1999లో మన సైనికుడి చేతిలో జీపీఎస్ రిసీవర్ ఉన్నా ఆ కొండ మీద వంద మీటర్లంటే ఈ శిఖరమో పక్క లోయో తెలియదు. ఆపినా ఆపకపోయినా తాళంచెవి మన దగ్గర లేదు, అదీ సమస్య.

నావిక్‌లోనూ రెండున్నాయి. అందరికీ ఒకటి, అనుమతి ఉన్నవాళ్లకి తాళం వేసినది ఒకటి. కాలువ గారూ, మీరు కాలువ తవ్వుకున్నా గేటు ఎవరి చేతిలో ఉందో చూస్తారు కదా. (నీళ్ల మంత్రిగారి దగ్గరికి పోకుండా ఇక్కడితో ఆపుతాను.)


అడ్మిన్_ఆమదాలవలస
ఆగస్టు 4, ఉదయం 8:41

మంత్రుల సంగతి వేరే విభాగంలో మాస్టారూ 🙂 ఇక్కడ ఉపగ్రహాలే.


రోవర్_బాబాయ్
ఆగస్టు 4, రాత్రి 9:00

భూముల రీసర్వేలో రోవర్ (ఉపగ్రహాల సంకేతాలతో చోటు కొలిచే పరికరం) మోసినవాణ్ని, నేనూ ఒక మాట చెబుతాను. ఊళ్లో అందరూ "శాటిలైట్ కొలిచింది, తప్పు రాదు" అంటారు. ఫోను చూపించేది మీటర్లలో తప్పు. రెండు సెంట్ల స్థలం గొడవలో మీటర్లు తప్పితే తలలు పగులుతాయి.

రోవర్ ఒంటరిగా పనిచేయదు. సరిగ్గా కొలిచి పెట్టిన బేస్ స్టేషన్లు ఉంటాయి, కార్స్ అంటాం. వాటి చోటు ముందే తెలుసు కాబట్టి ఇప్పుడు ఆకాశం నుంచి వస్తున్న లెక్కలో ఎంత తప్పుందో అవి పట్టేసి ఇంటర్నెట్ మీద మాకు పంపుతాయి. అందుకే రోవర్‌లో సిమ్ ఉంటుంది. సిగ్నల్ బాగుంటే "ఫిక్స్" వస్తుంది, సెంటీమీటర్లలో పని. మందస కొండల వైపు సిమ్‌కి సిగ్నల్ లేక "ఫ్లోట్" దగ్గరే, అంటే లెక్క గట్టిగా కుదరని చోటే, కొట్టుకుంటూ ఉంటుంది. రైతు పక్కన నిలబడి, "ఏటి బాబూ, నా గట్టు తేలిందా?" అంటాడు. తేలేది ఫ్లోట్ మాత్రమే.

సాయంత్రం పొద్దు గూకాక ఒక్కోరోజు ఉన్న ఫిక్స్ కూడా ఊడిపోతుంది. ఆకాశం ఖాళీ, చెట్టు లేదు, సిమ్ బాగుంది, అయినా పోతుంది. దానికి కారణం మాస్టారు చెప్పాలి.


గంట్యాడ_మాస్టారు
ఆగస్టు 5, ఉదయం 6:05

చాలా మంచి పరిశీలన. అది అయనోస్పియర్ చేసే పని. పైన కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యరశ్మికి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి విద్యుదావేశం నిండిన పొర ఉంటుంది. రేడియో సంకేతం అందులోంచి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం ఆ ఆలస్యం పదుల మీటర్ల తప్పు దాకా తెస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతుంది, 1963లో మొదటి రాకెట్ ప్రయోగానికి తుంబాను ఎంచుకున్నదీ అందుకే. ఆ రేఖకి దగ్గరి ఆకాశంలో ఈ పొర మహా అల్లరిది. పొద్దు గూకాక అందులో బుడగలు లేచి సంకేతం మిణుకుమంటుంది. మార్చి, సెప్టెంబరు నెలల దాపుల్లో మరీ ఎక్కువ. రోవర్ బాబాయ్ ఫిక్స్ ఊడేది అప్పుడే.

అమెరికా వాళ్లు తమ ఆకాశం చూసి తయారుచేసిన సర్దుబాటు లెక్క ఇక్కడ అంత బాగా కుదరదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పొరని దశాబ్దాలుగా కొలుస్తున్నారు, గగన్ కోసం జరిగిన అధ్యయనాల్లో ఆ పని ఉంది. నావిక్‌లో రెండు పౌనఃపున్యాలు పెట్టారు: ఎల్5 అని 1176.45 మెగాహెర్ట్జ్, ఎస్ బ్యాండులో 2492.028 మెగాహెర్ట్జ్. పౌనఃపున్యం పెరిగితే ఆలస్యం దాని వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండింటి ఆలస్యాల తేడా చూస్తే పొర ఎంత దట్టంగా ఉందో తేలిపోతుంది, తప్పు తీసేయొచ్చు. తోటపల్లి కాలువ గారికి ఇది కూడా ఒక జవాబే. మన ఆకాశానికి తగ్గట్టు కట్టుకున్నాం.


పలాస_జీడిబద్ద
ఆగస్టు 5, ఉదయం 10:12

అయితే నా ఫోనులో ఎస్ బ్యాండు వస్తుందా?


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 5, మధ్యాహ్నం 12:50

రాదు. ఇది కూడా నడకలో ఒక ముల్లే. ఫోన్లు చేసేవాళ్లు ప్రపంచం మొత్తానికి ఒకే చిప్ వేస్తారు. జీపీఎస్ అందరికీ ఇచ్చే ఎల్1 పౌనఃపున్యం, 1575.42, అన్ని చిప్పుల్లోనూ ఉంటుంది. మన పాత ఉపగ్రహాల్లో ఎల్1 లేదు. 2020లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 720జీ లాంటి చిప్పులు ఎల్5లో నావిక్ పట్టడం మొదలెట్టాయి, 2023లో ఐఫోన్ 15 ప్రో చేరింది. చవక ఫోన్లకి అది అందలేదు. ఎన్‌వీఎస్ వరస నుంచి ఎల్1 కూడా ఇస్తున్నారు. ఇలాంటివి నాలుగైదు పైన కుదురుకుంటే పది వేల రూపాయల ఫోను కూడా పట్టుకుంటుంది.


తోటపల్లి_కాలువ
ఆగస్టు 5, రాత్రి 8:20

ఇంకో సంగతి. అమెరికా వాడికి ఇరవై నాలుగు పైచిలుకు, చైనాకి ముప్ఫై. మనకి ఏడు చాలా? లేక డబ్బుల్లేక ఏడా?


గంట్యాడ_మాస్టారు
ఆగస్టు 5, రాత్రి 9:45

వాళ్లకి ప్రపంచమంతా కావాలి. జీపీఎస్ ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల ఎత్తున రోజుకి రెండుసార్లు భూమిని చుట్టేస్తుంది. ఇక్కడ కనిపించేది కాసేపట్లో బ్రెజిల్ మీద ఉంటుంది. అందుకే అన్ని కావాలి. మనది దేశం, చుట్టూ 1500 కిలోమీటర్లు. భూమితో పాటే 24 గంటలకి ఒక చుట్టు తిరిగేవి పెడితే ఎప్పుడూ మన ఆకాశంలోనే ఉంటాయి. ఏడుతో పని జరుగుతుంది. జపాన్ వాళ్లు కూడా తమ ప్రాంతం వరకు ఇలాంటిదే కట్టుకున్నారు.

ఆ ఏడులో మూడు భూమధ్యరేఖ మీద నిలబడినట్టు ఉంటాయి. నాలుగు 29 డిగ్రీలు వాలిన కక్ష్యలో, కిందనుంచి చూస్తే ఉత్తరానికీ దక్షిణానికీ 8 అంకె గీస్తూ తిరుగుతాయి. అన్నీ రేఖ మీదే పెట్టకూడదా అంటే కుదరదు. పందిరి గుంజకి తాళ్లన్నీ ఒకే వైపు కడితే గుంజ ఇంకోవైపు ఊగుతుంది చూడండి, అలా ఉత్తర దక్షిణాల లెక్కలో తప్పు పెరిగిపోతుంది.

ఒక ముచ్చట. రేఖ మీద మూడు చోట్లలో మధ్యది 83 డిగ్రీల తూర్పు. ఆ రేఖాంశం అనకాపల్లి మీదుగా పోతుంది! విజయనగరం, శ్రీకాకుళం దానికి రవ్వంత తూర్పున. మనం దక్షిణానికి తిరిగి నిలబడి తల పైకెత్తితే, నెత్తి మీదకి ఇంకో 22 డిగ్రీలుందనగా, సరిగ్గా అక్కడ ఉంటుంది ఆ చోటు. శ్రీకాకుళం నుంచి లెక్కేస్తే 68 డిగ్రీల ఎత్తు. పడమటి కొసన 32.5 డిగ్రీల దగ్గరున్నది మాత్రం మనకి బాగా కిందుగా, 29 డిగ్రీల ఎత్తులో. మిగతావి లెక్కేసే పని పిల్లలకి ఇవ్వాలనుంది.


తోటపల్లి_కాలువ
ఆగస్టు 5, రాత్రి 10:30

లెక్క బాగుంది మాస్టారూ. కానీ మీరందరూ చెప్పినదాన్ని బట్టి చూస్తే ఏడు ఎక్కించాం, పని అయిపోయిందనుకోడానికి లేదన్నమాట. గడియారం పోతుంది, ఇంధనం అయిపోతుంది, మళ్లీ పంపాలి. ఏటేటా ఖర్చే. 2016లో మిఠాయిలు పంచిన రోజున ఈ మాట ఎవరూ చెప్పలేదు.


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 5, రాత్రి 11:10

ఈ మాట మాత్రం వంద శాతం ఒప్పుకుంటాను. పాతవాటికి పదేళ్లు, ఎన్‌వీఎస్‌లకి పన్నెండేళ్లు ఆయుష్షు అనుకుని కట్టారు. జీపీఎస్ మొదటి ఉపగ్రహం 1978లో వెళ్లింది, ఇవాళ్టికీ పంపుతూనే ఉన్నారు. రష్యా వాళ్ల గ్లోనాస్ చూడండి. 1995లో 24 నిండాయి. తర్వాత చేతిలో డబ్బు లేక తిరిగి పంపలేదు, 2001 నాటికి పదిలోపు మిగిలాయి. మళ్లీ నిండడానికి 2011 దాకా పట్టింది. ఉపగ్రహాలు కట్టగలిగిన దేశమే, రాకెట్లున్న దేశమే. వరస తప్పింది, అంతే.

కింద కూడా ఖర్చుంది. బెంగళూరు దగ్గర బ్యాలాళు కేంద్రంలో రోజంతా ఆ ఉపగ్రహాలు ఎక్కడున్నాయో, గడియారాలు ఎంత జరిగాయో లెక్కేసి పైకి పంపుతుంటారు. దేశం నలుమూలలా స్టేషన్లు వాటిని వింటుంటాయి. పైకి పంపిన గడియారం దాని మానాన అది సరిగ్గా నడవదు. జీపీఎస్ గడియారాలైతే ఐన్‌స్టీన్ చెప్పిన కారణాల వల్ల రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పరుగెడతాయి. సర్దకపోతే రోజుకి 11 కిలోమీటర్ల తప్పు. అంటే శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర ఉన్నవాణ్ని రేపటికి ఆమదాలవలస దాపుల్లో చూపిస్తుంది.

ఈ ఏడాది చివరికి ఎన్‌వీఎస్-03 అంటున్నారు, తర్వాత ఆరేసి నెలల తేడాతో 04, 05. ఆ తేదీలు నిలబడతాయా అన్నదే నాకున్న టెన్షన్. ఉన్న నాలుగులో ఒక్క గడియారం మొరాయించినా నావిక్ ఒక్కదానితో స్థానం తేల్చడం కష్టం.


అడ్మిన్_ఆమదాలవలస
ఆగస్టు 6, ఉదయం 9:00

మా ఊరి పేరు వచ్చింది, సంతోషం. భోగాపురం విమానాశ్రయం తయారవుతోంది కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా?


బొబ్బిలి_బెంగళూరు
ఆగస్టు 6, ఉదయం 9:26

విమానాలకి వాడేది గగన్. జీపీఎస్ లెక్కని సర్ది జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ద్వారా పంపుతారు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్ కిషన్‌గఢ్‌లో ఇండిగో విమానం ఒకటి దాని సాయంతో దిగింది, మన దేశంలో అదే మొదలు. నేల మీద ఖరీదైన పరికరాలు లేని చిన్న విమానాశ్రయాలకి బాగా పనికొస్తుంది.


వేరావళ్_తండేలు
ఆగస్టు 6, రాత్రి 7:40

నాకు ఒక్కటి చెప్పండి. వచ్చే వారం రైలెక్కుతున్నాను. యజమానికి ఫోన్ చేశాను, బోటుకి పెట్టె ఉందంట, క్యాబిన్‌లో రేకు కింద పెట్టారంట. వాన తడవకుండా. పర్లేదా?


రోవర్_బాబాయ్
ఆగస్టు 6, రాత్రి 8:02

వద్దు బాబాయ్, రేకు కింద పెడితే చచ్చినా పట్టదు. మేం రోవర్‌ని రేకుల షెడ్డు పక్కన నిలబెట్టినా గింజుకుంటుంది. సంకేతం రేకు మీద పడి ఎగిరొస్తే చోటు తప్పు చూపిస్తుంది కూడా. యాంటెన్నా క్యాబిన్ పైన ఉండాలి. ఇంటి మీదైతే దక్షిణం ఆకాశం ఖాళీగా ఉంటే సరిపోయేది, బోటు తిరుగుతూ ఉంటుంది కాబట్టి చుట్టూ ఏ వైపూ స్తంభం, వలల గుట్ట అడ్డు లేకుండా చూడమను. వానకి భయం లేదు, సముద్రంలో వాడడానికే చేశారు దాన్ని. బయల్దేరే ముందు రేవులోనే ఆన్ చేసి, ఫోన్లో బోటు ఉన్న చోటు సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకో.


వేరావళ్_తండేలు
ఆగస్టు 6, రాత్రి 8:10

ఇప్పుడే యజమానికి చెప్పాను. ఎళ్లగానే ముందు దాన్నే పైకి ఎక్కిస్తాం.